చేతులు మారు తుపాకి

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒహాయో రాష్ట్రమున నివసించు నొక గృహస్థుని యొద్ద పిస్తోలు కలదనుకొందము. అది యాతడు అంగడిలో ధర్మముగా కొన్నది. టెక్సాసు రాష్ట్రమునుండి బాల్యమిత్రు డొకడు వచ్చి, పది దినములు అతిథిగా నుండి, మరలిపోవు వేళ, గృహస్థు ఆ పిస్తోలును మిత్రుని చేతనుంచి, "ఇది నీయొద్ద నుండనిమ్ము" అనినాడు. డబ్బు చేతులు మారలేదు. ఇరువురును ఏ నేరము నెరుగని పెద్దమనుష్యులు. అయినను ఆ క్షణముననే ఆ గృహస్థు ఆ దేశపు కేంద్రశాసనమును అతిక్రమించిన వాడయ్యెను. అభియోగము రుజువైనచో అయిదేండ్ల వరకు చెర ప్రాప్తింపవచ్చును. అదే పిస్తోలును గోడకావలి పొరుగువాని కమ్మియుండిన యెడల, ఆ పొరుగువాడు తుపాకి యుంచుకొన తగనివాడని తనకు తెలియనంతవరకు, అట్లనుమానింప కారణము లేనంతవరకు, కేంద్రశాసన మొక్క కాగితమైనను వ్రాయుమని యడుగదు. ఒహాయో రాష్ట్రశాసనమును అడుగదు.

ఈ దూరదేశపు ప్రస్తావన మీకేల యని మా చదువరులు శంకింపవచ్చును. ఆంధ్ర తెలంగాణములయందు అమెరికాకు బిడ్డను పంపిన కుటుంబము నేడు అపురూపము కాదు. పఠనమందిరములలో పత్రిక కొరకు కాచుకొని కూర్చుండు పెద్దలలో అనేకులు డాలసులో కొడుకును, న్యూజెర్సీలో కూతురును గలవారే. అచ్చటి వీసా నియమములను వారు కంఠస్థము చేసినారు. అచ్చటి పన్నుల లెక్క కూడ కొంత యెరుగుదురు. తుపాకి శాసనము మాత్రము తమకు పట్టనిదని విడిచిపెట్టినారు. అది పట్టునట్టిదే. ఎట్లు పట్టునో చెప్పుటకు ముందు ఆ శాసన మెట్టిదో వివరింపవలసి యున్నది.

1968వ సంవత్సరపు తుపాకి నియంత్రణ శాసనమే దీనికి మూలము. వ్యాపారపు లైసెన్సు లేని యొక రాష్ట్రవాసి, మరియొక రాష్ట్రవాసికి తుపాకి నమ్మరాదు, ఈయరాదు, మార్పిడి చేయరాదు. ఈయదలచినచో నడుమ లైసెన్సుగల వర్తకు డుండవలెను. పిస్తోలు, రివాల్వరు మొదలగు చేతి తుపాకులైనచో పుచ్చుకొనువాని స్వరాష్ట్రమందలి వర్తకుని యొద్దకే చేరి, ఆతని చేతిమీదుగానే అందవలెను. బారు తుపాకులైనచో ఏ రాష్ట్రపు వర్తకుడైనను మనిషి నెదుట నిలిపి యప్పగింపవచ్చును గాని, అది యుభయరాష్ట్రముల శాసనములకును సమ్మతము కావలెను. ఈ సడలింపు 1986 నాటి శాసనముచే కలిగినది. వర్తకుడు వచ్చిన తుపాకిని తన చిట్టాలో జమ వ్రాయును. స్నేహితుడు వచ్చి, నివాసము తెలుపు గుర్తింపు పత్రము చూపి, 4473 సంఖ్యగల పత్రమును స్వహస్తముతో పూరించును. ఘోరనేరమునకు శిక్ష పడినదా, పోలీసుల పరారీలో నున్నాడా, మత్తుమందుల కలవాటు పడినాడా, ఏ దేశపు పౌరుడు, ఈ తుపాకి తన కొరకే కొనుచున్నాడా యని అందు ప్రశ్న లుండును. పిదప వర్తకుడు ఎఫ్.బి.ఐ. వారి విచారణశాఖకో, కొన్ని రాష్ట్రములలో రాష్ట్రపోలీసువారికో వర్తమానము పంపును. అడ్డు లేదని జవాబు వచ్చిన పిమ్మట చిట్టాలో ఖర్చు వ్రాసి, తుపాకి నప్పగించి, తన రుసుము తాను పుచ్చుకొనును. చిక్కు లేనిచోట నిది యొక పూటలో ముగియు పని. వీలునామా వలనను వారసత్వము వలనను సంక్రమించు తుపాకికిని, వేటకో గురిపందెమునకో తాత్కాలికముగా ఎరువిచ్చు తుపాకికిని మాత్రము కేంద్రశాసన మీ నడిమి మనిషిని కోరదు.

ఈ కట్టుబా టెందుకు పుట్టెనో ఆ దేశపు చరిత్రయే చెప్పును. 1963 మార్చి మాసమున షికాగో నగరపు వర్తకులకు డాలసునుండి యొక చీటీయు, ఇరువది యొక్క డాలరు నలుబది యైదు సెంట్ల మనియార్డరును చేరెను. పత్రికలోని ప్రకటనను కత్తిరించి, హిడెల్ అను కల్పితనామము వ్రాసి పంపిన చీటీ యది. వర్తకులు దుర్భిణి తగిలించిన రైఫిలు నొకదానిని తపాలా పెట్టెకు పంపిరి. పంపిన వారు కొనువాని ముఖ మెరుగరు, పేరెరుగరు. ఆ నవంబరు 22వ తేదీన అధ్యక్షుడు కెనెడీ డాలసు వీధిలో ఆ రైఫిలు గుండ్లకే కూలెను. చీటీ వ్రాసిన ఆస్వాల్డు అదే కాలమున లాస్ ఏంజిల్స్ వర్తకులనుండి రివాల్వరును కూడ తెప్పించుకొనియుండెను. చేతి తుపాకులను తపాలాలో ప్రజలకు పంపరాదని 1927లోనే శాసనము చేసిరి గదా, అదెట్లు చేరెనని యడుగుదురేమో! ప్రైవేటు రవాణా కంపెనీ బండిలో చేరెను. వీధితలుపునకు గడియ పెట్టి దొడ్డితలుపు తెరచియుంచిన సంసార మది. ఆ తలుపు మూయుటకు అయిదేండ్లు పట్టెను. 1968 ఏప్రిలులో మార్టిన్ లూథర్ కింగును, జూనులో రాబర్ట్ కెనెడీయును తుపాకికి బలియైన పిమ్మటనే, అక్టోబరులో అధ్యక్షుడు జాన్సను చేవ్రాలు చేసెను.

ఇంతవరకు శాసనము న్యాయమే. ముక్కు మొగ మెరుగనివానికి మారణాయుధ మందరాదు. చదువరులు ఆలోచింపవలసిన వ్యాజ్య మొకటి కలదు. వర్జీనియా రాష్ట్రమున ఆబ్రామ్‌స్కీ యను మాజీ పోలీసు ఉద్యోగి 2009లో తన మేనమామకో పినతండ్రికో (ఆంగ్లభాషలో రెంటికి నొకే మాట గనుక మేము నిర్ణయింపలేము) గ్లాక్ పిస్తోలు నొకదానిని కొనిపెట్టెను. పోలీసువారికి ధర తగ్గింతురని ఆతని ఆశ. ఆ బంధువు పెన్సిల్వేనియా రాష్ట్రవాసి. ముందుగానే నాలుగువందల డాలర్ల చెక్కు పంపెను. ఆబ్రామ్‌స్కీ పత్రము పూరించి, విచారణలో నెగ్గి, పిస్తోలును కొని, పెన్సిల్వేనియాకు కొనిపోయి, అచ్చటి లైసెన్సు వర్తకుని ద్వారముననే బంధువునకు బదిలీ చేయించెను. బంధువును విచారణలో నెగ్గెను. ఇరువురును అర్హులే, రాష్ట్రపు సరిహద్దు దాటుటలో లోపము లేదు. మరి నేర మెక్కడ? "ఈ తుపాకి నీ కొరకే కొనుచున్నావా?" యను ప్రశ్నకు ఆతడు ఔనని వ్రాసెను. అది అబద్ధము. సుప్రీముకోర్టు 2014 జూనులో అయిదుగురు నొకవైపును నలుగురు నొకవైపును నిలిచి, శిక్షను స్థిరపరచెను.

నలుగురు న్యాయాధిపతుల వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. కొన్నవాడును పుచ్చుకొన్నవాడును ఉభయులు నర్హులైనప్పుడు దోషమేమి యని వారడిగిరి. మేము మాత్రము అయిదుగురి పక్షముననే యున్నాము. చిట్టాలో నొకని పేరును, తుపాకి మరియొకని చేతిలోను ఉండుటకు అలవాటుపడిన పిమ్మట, ఆ రెండవవాడు మంచివాడో చెడ్డవాడో ఎవరు చూడవచ్చిరి? మంచి బంధువు కొరకు వ్రాసిన అబద్ధమునకును, దొంగ కొరకు వ్రాసిన అబద్ధమునకును కాగితముపై రూపభేదము లేదు. బినామీ క్రయమును గూర్చి ఆంధ్రదేశమున మరొకరికి బోధింప నక్కరలేదు. భూముల విషయమున మన మందులో పండితులమే. 2022లో వారి కాంగ్రెసు చేసిన శాసనముచే, తగనివారి కొరకు బినామీగా తుపాకి కొనువారికి పదునైదేండ్ల వరకు చెర విధింప వీలైనది.

మా యభ్యంతర మా శాసనము కఠినమైనదని కాదు, అది రాష్ట్రపు పొలిమేర యొద్దనే మేలుకొని పొలిమేర లోపల నిద్రించుచున్నదని. సరిహద్దు కావలివాడు అపరిచితుడు, ఈవలివాడు పరిచితుడు అను భావము మీద అది కట్టబడినది. నూరేండ్లక్రింద గ్రామములలో నది నిజమై యుండవచ్చును. ఈనాడు హూస్టను నగరమున నొకడు ప్రకటన వేసిన తుపాకిని, ఏడువందల మైళ్లకు మించిన దూరమున నదే టెక్సాసులోనున్న ఎల్ పాసోనుండి వచ్చినవాడు కొనవచ్చును. కేంద్రశాసనము కంటికి వారు పొరుగువారు. ముప్పదేండ్ల చెలిమి గల మిత్రుడు నదికావలి యొడ్డున ఇల్లు కట్టుకొన్నచో ఆతడు పరాయివాడు! మైత్రి యెంత గొప్పదైనను అది విచారణకు బదులు కానేరదని చెప్పిన శాసనము, ఒకే రాష్ట్రమున కాపురముండుట మాత్రము విచారణకు బదులగునని యెట్లు చెప్పగలదు?

ఈ కంతను పూడ్చుటకు యత్నములు జరుగకపోలేదు. కాలిఫోర్నియా, న్యూయార్కు, కొలరాడో మొదలగు రాష్ట్రములు తమ శాసనములచే లోపలి అమ్మకములకును విచారణ విధించినవి. వాషింగ్టను రాష్ట్రమున 2014లో ప్రజలే వోటు వేసి యట్లు చేసికొనిరి. దేశమంతటికిని ప్రకటనల మూలమునను సంతలలోను జరుగు అమ్మకములకైనను విచారణ యుండవలెనని సెనేటులో ప్రతిపాదన రాగా, 2013 ఏప్రిలులో నేబదినలుగు రనుకూలించినను, వారి సభానియమము ప్రకార మరువది కావలెను గనుక వీగిపోయెను. కనెక్టికట్ రాష్ట్రమున నొక పాఠశాలలో ఇరువదిమంది పసిబిడ్డలును ఆరుగురు పెద్దలును చంపబడి అప్పటికి నాలుగు మాసములు! విచారణ యున్నచోట నైనను తొందర మరియొక శత్రువు. మూడు పనిదినములలో జవాబు రానిచో వర్తకుడు తుపాకి నీయవచ్చునని నియమము. 2015లో చార్ల్‌స్టన్ ప్రార్థనామందిరమున తొమ్మండుగురిని చంపినవానికి ఆ మూడు దినములు గడచుటచేతనే తుపాకి చిక్కెను.

పట్టిక యన్న అమెరికనులలో అనేకులకు భయము. నేడు పేర్లు వ్రాసికొన్న ప్రభుత్వము రేపు ఇల్లిల్లు వెదకి తుపాకులు గుంజుకొనునని వారందురు. 1986 శాసనము కేంద్రప్రభుత్వము తుపాకిదారుల పట్టికను కూర్చరాదని నిషేధించినది. చిట్టాలు వర్తకుల యొద్దనే యుండును. అంగడి మూతపడినచో నవి పశ్చిమ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్ కార్యాలయమునకు చేరును. అచ్చట వానిని పేరు పెట్టి వెదకుటకు వీలు లేకుండ నుంచినారు. నేరస్థలమున దొరకిన తుపాకి యెవరిదని తెలిసికొనుటకు గుమాస్తాలు తయారుచేసినవానినుండి టోకు వర్తకునికి, వానినుండి చిల్లర వర్తకునికి వరుసగా కబురు పంపుచు పోవలెను. ఆ వరుస మొదటి కొనుగోలుదారునితో తెగిపోవును. ఆతడు పొరుగువానికి కాగితము లేక యమ్మియుండిన యెడల అటుపైన చీకటియే.

ఆ భయమును మేము పరిహసింపజాలము. ఆయుధశాసనము ప్రజల నెట్లు బంధింపగలదో మనకంటె నెరిగినవా రెవరు? 1878లో లిట్టన్ ప్రభువు దేశభాషాపత్రికల నోరుమూయు శాసనమును, భారతీయుల చేతులు కట్టు ఆయుధశాసనమును ఒకే సంవత్సరమున ప్రసాదించినాడు. మొదటిది రిప్పన్ ప్రభువు కాలముననే రద్దయ్యెను. రెండవది స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట కూడ బ్రదికి, 1959 నాటి నూతన శాసనము 1962 అక్టోబరులో అమలునకు వచ్చినప్పుడు గాని గతింపలేదు. దానియందలి విషము లైసెన్సులో లేదు. తెల్లవారికి లైసెన్సు అక్కరలేదనుటలో నుండెను. అందుచేతనే 1931 నాటి కరాచీ కాంగ్రెసు హక్కుల తీర్మానమున, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కు ప్రతి పౌరునకు నుండవలెనని చేరినది. 1948లో రాజ్యాంగసభలో కామత్ గారు ఆ హక్కును మరల కోరిరి. సభ సమ్మతింపలేదు. తుపాకి పౌరుని మూలహక్కు కాక, శాసన మిచ్చు అనుమతిగా నిలిచెను. అమెరికాలో నది రాజ్యాంగపు రెండవ సవరణచే 1791 నుండియు హక్కు. రెండు దేశములకును భేద మిచ్చటనే యున్నది.

మన శాసనమున మిత్రునికి తుపాకి యిచ్చుట కేది మార్గము? ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని ఇరువురికిని లైసెన్సు కావలెను. ఇచ్చువాడు తన యుద్దేశమును, పుచ్చుకొనువాని పేరు, చిరునామాలతో జిల్లా మేజిస్ట్రేటునకో సమీపపు పోలీసు ఠాణాకో వ్రాతమూలముగా తెలిపి, నలుబదియైదు దినములు వేచియుండవలెను. మిత్రుడు విజయవాడవాడైనను, హైదరాబాదువాడైనను, కాశీవాడైనను ఈ నియమ మొక్కటియే. చెల్లుబాటు ప్రదేశము లైసెన్సులోనే వ్రాయబడి యుండును. 2019 సవరణ తరువాత ఒక్కనికి సాధారణముగా రెండు తుపాకులకు మించి యుండరాదు. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సుదారులు ఠాణాకు తుపాకి చేర్చి రసీదు పుచ్చుకొనుట మన పట్టణములలో చూచినదే. పొరుగువా డని వదలక, పరాయివా డని శంకింపక, అందరి నొకటే ప్రశ్న యడుగుటలో మన శాసనము మేలైనది. ఆచరణమును మాత్రము మేము పొగడజాలము. పలుకుబడి గలవాని దరఖాస్తు పరుగెత్తును. అడవిపందులు చేను త్రొక్కుచున్నవని మొరపెట్టు రైతు దరఖాస్తు కట్టలో మూల్గును. లైసెన్సు లేని నాటుతుపాకి ఈ రెండు దరఖాస్తులను చూచి నవ్వును.

వ్రాత మాట వచ్చినది గనుక నొక సంగతి స్మరింతుము. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా మూడు దినములు పడి తుపాకులు గైకొన్నప్పుడు, తీసికొన్న ఆయుధముల జాబితాను ఠాణా పుస్తకమున వ్రాసి చేవ్రాలు చేసెనని ప్రసిద్ధి. తిరుగుబాటువాడే తుపాకికి లెక్క వ్రాసిన దేశము మనది!

ఇక మన బిడ్డల సంగతి. విద్యార్థి వీసాపై నున్నవారును, హెచ్-1బి ఉద్యోగపు వీసాపై నున్నవారును అమెరికా శాసనము దృష్టిలో వలసదారులు కారు, తాత్కాలికవాసులు. 1998లో చేసిన నియమము ప్రకారము అట్టివారు తుపాకిని గాని తూటాను గాని తమ వశమున నుంచుకొనరాదు. శిక్షకు గరిష్ఠము 2022 నుండి పదునైదేండ్లు. తెలిసి యట్టివారి కిచ్చిన స్నేహితుడును నేరస్థుడే. అప్పుడు రాష్ట్ర మొకటియా రెండా యను ప్రశ్నయే లేదు. శాశ్వతనివాసపు కార్డు పొందినవారి కీ నిషేధము లేదు. వేట లైసెన్సు గలవారికి మినహాయింపు కలదు. దీనిని కొందరు రాజమార్గమని చెప్పుకొనుచున్నారు గాని, ఒక్కొక్క రాష్ట్రపు నియమ మొక్కొక్క తీరు. లైసెన్సు గడువు తీరిన మరునాడు మినహాయింపును తీరిపోవును. ఫ్లోరిడాలో మార్కులు చాలక విశ్వవిద్యాలయమునుండి తొలగింపబడిన యొక విదేశీ విద్యార్థి గురి అభ్యసించు శాలకు పోయి తుపాకి పేల్చినందుకే శిక్ష పొందెను. 2019లో సుప్రీముకోర్టు, తన వీసాస్థితి పోయినదని ఆతనికి తెలియునని ప్రభుత్వము రుజువు చేయవలెనని చెప్పి, ఆ తీర్పును త్రిప్పి పంపెను. కాని అంతవరకు నడచిన వ్యాజ్యము, ఖర్చు, అపకీర్తి యెవరు తిరిగి యిత్తురు?

మన యువకు లా ఆయుధము నేల కోరుదురో మేమెరుగుదుము. రాత్రివేళ పెట్రోలు బంకులలోను చిల్లర అంగళ్లలోను పనిచేయుచు దోపిడిగాండ్ర తుపాకులకు బలియైన తెలుగుబిడ్డల వార్తలు మన పత్రికలలో పడుచునే యున్నవి. అట్టి వార్త చదివిన మరునాడు, పొరుగు రాష్ట్రముననున్న అన్నవంటి మిత్రుడు, "నాకు రెండున్నవి, ఒకటి నీవుంచుకో, తమ్ముడూ" అనుట దురాశ కాదు, వాత్సల్యమే. ఆ వాత్సల్య మిచ్చువానికి చెరను, పుచ్చుకొన్నవానికి చెరను దేశబహిష్కారమును కూడ తెచ్చిపెట్టగలదు.

అమెరికాలోని తెలుగు సంఘములవారు కొత్తగా దిగిన విద్యార్థులకు బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె, చలిబట్టలు మొదలగు వానిని గూర్చి చీట్లు పంచుచుందురు. ఆ చీటీలో తుపాకిని గూర్చి యొక పుట చేర్పవలెనని మా కోరిక. తాత్కాలిక వీసాపై నున్నవాడు ఎవరు ప్రేమతో నిచ్చినను పుచ్చుకొనరాదనియు, శాశ్వతనివాసులు పైరాష్ట్రపు మిత్రునికి ఈయదలచినచో లైసెన్సు వర్తకుని చేతిమీదుగా గాక మరియొక త్రోవ లేదనియు, పత్రముపై "నా కొరకే" యని వ్రాయుటకు ముందు అది నిజమో కాదో చూచుకొనవలెననియు అందు తెలుగున ముద్రింపవలెను. ఇచ్చట పెద్దలు వచ్చే ఆగస్టులో పెట్టెలు సర్దునప్పుడు ఆ పుటను బిడ్డలచే నొకసారి చదివించి వినుడు.